రక్తపరీక్షకు డబ్బు పంపే ముందు

హనుమకొండలో అమ్మా బాపు ముద్దుగా పెంచుకునే కుక్క రాత్రంతా గోక్కుంటోందని తెలియగానే, దూరాన ఉన్న మనలాంటి పిల్లలు మొదట వెతికేది అలర్జీ రక్తపరీక్ష. ఎంతైనా సరే చేయించండి, డబ్బు పంపిస్తాం అంటారు. ఆ ప్రేమ నిజం, వరుసే తప్పు. కుక్కకు అలర్జీ ఉందో లేదో ఆ పరీక్ష తేల్చదు. దురదే లేని కుక్కల్లోనూ పాజిటివ్ వస్తుంది. మిగతా కారణాలన్నీ పోయాక, అలర్జీ తెచ్చే పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే అలర్జీ టీకాలో ఏయే పదార్థాలు కలపాలో ఎంచుకోవడానికే అది పనికొస్తుంది. తిండి అలర్జీ విషయంలో రక్తపరీక్షను అసలు నమ్మకూడదు.

ముందు పురుగుల సంగతి చూడాలి. తోక మొదట్లో, నడుం మీద కొరుక్కుంటే ఒంటి మీద దూకే చిన్న పురుగులను అనుమానించాలి. చెవుల అంచులు, మోచేతుల దగ్గర పొక్కులు లేస్తే గజ్జి కావచ్చు. మామునూరు పశువైద్య కళాశాలకు తీసుకెళ్లినా, ఊళ్లో డాక్టర్ దగ్గరికే వెళ్లినా, చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూడమని అడగండి. గజ్జి పురుగు చాలాసార్లు ఆ గీకుడులో దొరకదు కాబట్టి, రిపోర్టు బాగున్నా మందు వేసి చూడటమే మంచిది. పురుగులను చంపే ఆ మందుల్లో అఫాక్సోలానర్ అయితే నెలకోసారి, ఫ్లూరలానర్ అయితే 12 వారాలకోసారి. మూర్ఛలు వచ్చే కుక్కయితే ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే దానికీ వేయాలి. పిడుదులకు కిరసనాయిలు పూయడం మాత్రం మానిపించండి. చర్మం కాలుతుంది, నాకితే ప్రాణం మీదికొస్తుంది.

గోకిన చోట బ్యాక్టీరియా, యీస్ట్ చేరితే దురద రెట్టింపవుతుంది. క్లోర్‌హెక్సిడిన్ షాంపూతో వారానికి రెండుసార్లు స్నానం చేయించాలి. నురగ ఒంటి మీద 10 నిమిషాలు ఉండాలి. రాసిన వెంటనే నీళ్లు పోసేసి, షాంపూ పనిచేయలేదనడం చాలా ఇళ్లలో జరిగేదే.

ఆ తర్వాత తిండి. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాల్సిన పని ఇదే. మన ఇళ్లలో కుక్క కోడికూర, గుడ్డు, పాలు, పెరుగన్నం, బిస్కెట్లు అన్నీ తిని ఉంటుంది. అది ఇంతవరకు ఎరగని ఒక మాంసం, ఒక పిండిపదార్థం ఎంచుకోవాలి. ఎన్నడూ తినకపోతే ముల్లు తీసిన చేప, ఉడికించిన ఆలుగడ్డ సరిపోతాయి. ఉప్పు, మసాలా, ఉల్లి, వెల్లుల్లి వద్దు. కనీసం 8 వారాలు అదే పెట్టాలి. ఎదిగే కుక్కపిల్లకు ఇంటి తిండితో ఇది చేయకూడదు, దానికి డాక్టర్ చెప్పిన హైడ్రొలైజ్డ్ (ప్రోటీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టిన) ఆహారమే పెట్టాలి. ఈ తిండి పరీక్ష చెడేది ఎక్కడంటే, బాపు చాయ్‌తో పాటు విరిచి పెట్టే బిస్కెట్ ముక్క దగ్గర, మనం సూట్‌కేసులో తీసుకెళ్లే చికెన్ రుచి నమిలే ముక్కల దగ్గర, మాంసం రుచి కలిపిన మాత్రల దగ్గర. ఆ 8 వారాలూ పురుగులకు వీపు మీద పోసే మందే వాడండి. దురద తగ్గితే పని సగమే అయినట్టు. పాత తిండి మళ్లీ పెట్టి రెండు వారాలు చూడాలి. దురద తిరిగొచ్చి, మానేస్తే మళ్లీ తగ్గితేనే తిండి అలర్జీ అని తేలుతుంది.

ఇవేవీ చూడకుండా నెలనెలా ఒక స్టెరాయిడ్ సూది వేయించడం మా అభిప్రాయంలో కుక్కకు చేసే అన్యాయం. ఆకలి, దాహం, మూత్రం పెరుగుతాయి, కండ కరుగుతుంది. పైగా చర్మంలో సూదితో చేసే అలర్జీ పరీక్షకు ముందు స్టెరాయిడ్ మాత్రలు సుమారు 14 రోజులు, ఎక్కువ కాలం పనిచేసే సూది 28 రోజులైనా ఆపి ఉండాలి. లేకపోతే ఉన్న అలర్జీ కూడా కనపడదు. దురద తట్టుకోలేనప్పుడు ఓక్లాసిటినిబ్ అనే దురద తగ్గించే మందు గురించి డాక్టర్‌ను అడగండి. ఏడాది నిండని కుక్కకు అది ఇవ్వరు.

వీటన్నిటితో పాటు గోడ మీది క్యాలెండర్‌లో రోజూ దురదకు 0 నుంచి 10 లోపు ఒక అంకె వేయమని అమ్మకు చెప్పండి. వానలు పడి వయ్యారిభామ పూసే నెలల్లోనే పెరిగితే పుప్పొడి వైపు చూడాలి. ఏడాదంతా ఒకేలా ఉంటే ఇంటి దుమ్ములోని సన్న పురుగులు, లేదా తిండి. టీకా పదార్థాలు ఎంచేటప్పుడు రిపోర్టుతో పాటు డాక్టర్ చూడాల్సింది ఆ క్యాలెండర్నే.

పరీక్ష చేయించి టీకా మొదలుపెడితే ఫలితానికి ఏడాది ఆగాలి. సగానికి పైగా కుక్కల్లో మేలు కనిపిస్తుంది, అన్నిటిలో కాదు. సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. మొదటి సూదులు డాక్టర్ దగ్గరే వేయించి కాసేపు అక్కడే ఉండాలి. ఆ తర్వాత ఇంట్లో సూది వేసేదెవరో డబ్బు పంపకముందే అమ్మా బాపుతో మాట్లాడి తేల్చుకోండి.