మేకు లేని ఆ స్టూలు

విజయనగరంలో వడ్రంగం నేర్చుకుంటున్న ఒక అమ్మాయి చేసిన పీట, పుస్తకాల అర, స్టూలు ఫొటోలు చూశాను. స్టూలు దగ్గరే ఆగిపోయాను. ఎక్కడా మేకు లేదు, కుసి, అంటే చెక్క చివర నాలుకలా చెక్కిన భాగం, బెజ్జంలో వెంట్రుక దూరనంత బిగువుగా కూర్చుంది. ఉలి మీద చెయ్యి కుదిరితేనే అలా వస్తుంది!

ఒక్క మాట తల్లీ, బల్ల చేసేటప్పుడు పైచెక్కను ఫ్రేముకు జిగురుతో పూర్తిగా అంటించెయ్యకు. వానాకాలం తేమకు చెక్క అడ్డంగా, అంటే వెడల్పు వైపు, ఉబ్బుతుంది, పొడవునా దాదాపు కదలదు. స్క్రూ రంధ్రాలు అడ్డంగా కాస్త సాగదీసి కొడితే పైచెక్క పగలదు. వీలైతే బొబ్బిలి పక్కన గొల్లపల్లి వెళ్లిరా. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే చేతులు చూడాలి నువ్వు.

కొనేవాళ్లకు నా విన్నపం, దయచేసి ఈ అమ్మాయి చేతిపనిని ప్లైవుడ్ రేటుకు బేరమాడకండి.