రెండేళ్లు దాటిందని వెబ్‌సైట్‌ని కూలగొట్టకండి

ఈ వారంలో అదే మెసేజ్ నాలుగోసారి వచ్చింది. "మీ వ్యాపారం వెబ్‌సైట్ మార్చాల్సిన టైమ్ వచ్చిందని చెప్పే ఏడు గుర్తులు" అని మొదలవుతుంది. "ఇందులో రెండు కనిపించినా ఆలస్యం చేయకండి, సైట్ మొత్తం కొత్తగా కట్టించండి, మీ వాళ్లకీ పంపండి" అని ముగుస్తుంది. పంపినవాళ్లందరూ నాకు కావలసినవాళ్లే, మంచి ఉద్దేశంతోనే పంపారు, అందుకే మొదటి మూడుసార్లు ఏమీ అనలేదు. నాలుగోసారి పంపినాయన మాత్రం "అడ్వాన్స్ ఇచ్చేస్తున్నా, ఒకసారి చూసి చెప్పు" అన్నారు. ఇక ఊరుకుంటే తప్పవుతుందని ఇది రాస్తున్నాను.

మొదటి గుర్తు, "సైట్ కట్టి రెండేళ్లు దాటింది." ఇది గుర్తే కాదు. తేదీ చూసి పారేయడానికి సైట్ మందు సీసా కాదు. ఇంగ్లీష్ వికీపీడియా 2010లో డెస్క్‌టాప్ రూపం మార్చాక మళ్లీ 2023 జనవరిలోనే మార్చింది. వారెన్ బఫెట్ నడిపిన బెర్క్‌షైర్ హాత్‌వే అంత పెద్ద కంపెనీ సైట్ దశాబ్దాల పాటు ఒట్టి లింకుల జాబితాగానే నడిచింది. వచ్చినవాళ్లకి కావలసింది దొరుకుతుంటే వయసుతో పనేముంది?

రెండోది, "మీ పోటీదారులు మార్చేశారు." మార్చాక వాళ్ల అమ్మకాలు పెరిగాయో తగ్గాయో మీకు తెలుసా? తెలియకుండా వాళ్ల వెనకాల ఎందుకు పరిగెత్తాలి? బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ అనే పెద్ద దుకాణాల సంస్థ 2014 ఫిబ్రవరిలో సైట్ మొత్తం మార్చింది, పాత కస్టమర్లంతా మళ్లీ రిజిస్టర్ చేసుకోవలసి వచ్చింది, ఆ తర్వాతి త్రైమాసికంలో ఆన్‌లైన్ అమ్మకాలు 8.1 శాతం పడిపోయాయి. అంత పెద్ద సంస్థ కాబట్టి తట్టుకుంది. నలుగురు మనుషులతో నడిచే వ్యాపారానికి ఆ మూడు నెలల దెబ్బ చాలు.

మూడోది, "సైట్ నెమ్మదిగా తెరుచుకుంటోంది." ఇది నిజమైన సమస్యే, పట్టించుకోవాల్సిందే. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ కొలత పెట్టింది, గూగుల్‌దే పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే పేజీలో మీ సైట్ అడ్రసు ఇస్తే ఎంత పడుతోందో చూపిస్తుంది. కానీ దానికి మందు కొత్త డిజైనా? నేను చూసిన నెమ్మది సైట్లలో ఎక్కువ వాటి జబ్బు ఒకటే, ఫోన్‌తో తీసిన ఫోటోని నాలుగైదు ఎంబీలతో అలాగే ఎక్కించేయడం, అది పేజీలో కనిపించేది అరచేతంత చోటులో. ఫోటోలు కుదించి, వాడని ప్లగిన్లు (సైట్‌కి తగిలించే చిన్న అదనపు ప్రోగ్రాములు) తీసేస్తే చాలావరకు తీరిపోతుంది, ఒక పూట పని. అదే బరువు ఫోటోలు కొత్త డిజైన్‌లో పెడితే కొత్త సైట్ కూడా అలాగే ఈడుస్తుంది.

నాలుగోది, "బౌన్స్ రేట్ ఎక్కువగా ఉంది." అంటే వచ్చి ఊరికే వెళ్లిపోయినవాళ్ల శాతం. అసలు అది ఏం కొలుస్తోందో ఈ మెసేజ్ రాసినవాళ్లు చూసినట్టు లేదు. 2023 జులైలో గూగుల్ పాత అనలిటిక్స్ (సైట్‌కి వచ్చినవాళ్లని లెక్కగట్టే పరికరం) ఆపేసి అందరినీ కొత్తదానికి మార్చినప్పుడు లెక్కే మారింది. ఇప్పుడు 10 సెకన్లలోపు, ఒక్క పేజీయే చూసి, మనం ముఖ్యమని గుర్తుపెట్టిన పనేదీ చేయకుండా వెళ్తే అది బౌన్స్. అంటే ఒకాయన మీ సైట్ తెరిచి, ఎనిమిది సెకన్లలో నంబర్ చూసుకుని, ఇంకో ఫోన్ నుంచి మీకు కాల్ చేసి పని ఒప్పజెప్పినా ఆ లెక్కలో బౌన్సే. మీకు దక్కిన కస్టమర్‌ని నష్టం కింద రాసుకుని సైట్ కూల్చేస్తారా?

ఐదోది, "ఫోన్‌లో సరిగ్గా కనిపించడం లేదు." దీనికి నా దగ్గర ఖండన లేదు. ఇది ఒక్కటే నిజమైన గుర్తు, విచిత్రంగా దీనికి మెసేజ్‌లో ఒకే ఒక్క వాక్యం ఇచ్చారు. సెర్చ్‌లో చూపించడానికి ఫోన్‌లో కనిపించే సైట్‌నే చూసి లెక్కలోకి తీసుకునే పద్ధతికి గూగుల్ 2016లో మొదలుపెట్టి 2023 నాటికి పూర్తిగా మారిపోయింది. రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటే తప్ప అక్షరాలు కనపడకపోయినా, ఫోన్ నంబర్ బొమ్మలో ఇరుక్కుని నొక్కితే కాల్ వెళ్లకపోయినా, ఫారం నింపేటప్పుడు పంపే బటన్ కీబోర్డ్ కింద దాక్కున్నా ఆ సైట్‌ని మార్చాల్సిందే. మీ సైట్ తెలియని ఒక మనిషికి మీ ఫోన్ ఇచ్చి "ఇందులోంచి నాకు కాల్ చేయండి" అని చెప్పి పక్కన కూర్చోండి. మధ్యలో సాయం చేయకండి. వేలు ఎక్కడ ఆగిందో చూస్తే ఏడు గుర్తులు అక్కర్లేదు.

ఆరోది నాకు బాగా కోపం తెప్పించింది, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. "0.05 సెకన్లలో కస్టమర్ మీ దగ్గర కొనాలో వద్దో తేల్చుకుంటాడని పరిశోధనలో తేలింది." ఆ పరిశోధన ఉన్నదే. కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీకి చెందిన గిట్టె లిండ్‌గార్డ్ బృందం 2006లో ప్రచురించింది. పేజీలని 50 మిల్లీసెకన్లు, అంటే ఆ 0.05 సెకన్లే, చూపించి, చూడటానికి ఎంత ఆకర్షణగా ఉన్నాయో మార్కులు వేయమన్నారు. ఆ మార్కులు, ఎక్కువసేపు చూపించినప్పుడు వేసిన మార్కులకి దగ్గరగా వచ్చాయి. అంతే. కొనడం గురించి అక్కడ అడగలేదు. రిపేరు మనిషి కోసం వెతికేవాడికి కావలసింది మీ నంబరు, మీరు ఏ రోజుల్లో పని చేస్తారు, తన సమస్య మీరు చేసే పనేనా అన్నది. వీటికి అర సెకనులో కూడా జవాబు దొరకదు, చదవాలి.

ఇక ఏడోది. నిజానికి ఇది గుర్తు కూడా కాదు, సలహా. "పాత పేజీలన్నీ తీసేయండి, కొత్త పేరుతో, కొత్త అడ్రసుతో శుభ్రంగా మొదలుపెట్టండి." మిగతా ఆరూ వింటే డబ్బు పోతుంది. ఇది వింటే వ్యాపారం పోతుంది.

నా స్నేహితుడొకడు కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. ఏడేళ్ల కిందట వాడే కూర్చుని సైట్‌లో ఒక పేజీ రాసుకున్నాడు, "మిషన్ మాటిమాటికీ దారం తెంపుతోందా?" అని. అలంకారం ఏమీ లేదు, సూది చదునైన వైపు దగ్గరగా తీసిన ఒక ఫోటో, నాలుగు పేరాలు. సూదిని అద్దం మీద పడుకోబెట్టి వంగిందేమో చూడండి, దారం ఎక్కించేటప్పుడు ఫుట్ పైకెత్తి ఉంచండి, టెన్షన్ (దారం బిగువు) ఒక్కో అంకె తగ్గించి చూడండి, ఇవన్నీ చేసినా తెగుతుంటే నాకు ఫోన్ చేయండి. వాడికి వచ్చే కొత్త కాల్స్‌లో ఎక్కువ భాగం ఆ పేజీ చదివి చేసినవే. ఎందరో తమ గ్రూపుల్లో ఆ లింకు పెట్టారు, టైలరింగ్ నేర్పేవాళ్లు తమ సైట్లలో ఇచ్చారు.

పోయినేడు ఒకరికి రీడిజైన్ పని ఇచ్చాడు. పాత పేజీల విషయంలో వాళ్లు సరిగ్గా ఈ మెసేజ్‌లో చెప్పినట్టే చేశారు. హోమ్, మా గురించి, సేవలు, సంప్రదించండి అని నాలుగు అందమైన పేజీలు కట్టి పాతవన్నీ తుడిచేశారు. ఆ పేజీని ఎందుకు తీశారని అడిగితే "డిజైన్‌కి సరిపోలేదండీ" అన్నారు. కాల్స్ రెండు వారాల్లో పలచబడ్డాయి, నెల తిరిగేసరికి పాత కస్టమర్లు తప్ప ఎవరూ లేరు. వాడు సీజన్ కాదేమో అనుకున్నాడు! రెండు నెలల తర్వాత నాకు చెప్పాడు, నేను పాత లింకు నొక్కితే "404, పేజీ దొరకలేదు" అని వచ్చింది. ఏడేళ్లుగా జనం పంచుకున్న ప్రతి లింకూ ఆ గోడకే కొట్టుకుంటోంది.

పేజీ అడ్రసు మార్చక తప్పకపోతే పాత అడ్రసు నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ పెట్టాలి, అంటే పాత లింకు నొక్కినవాళ్లని దానంతటదే కొత్త పేజీకి పంపే ఏర్పాటు. ఏ పేజీకి ఆ పేజీ విడిగా పెట్టాలి. అన్నిటినీ కలిపి హోమ్‌ పేజీకి తోసేస్తే గూగుల్ దాన్ని దొరకని పేజీ కిందే లెక్కేస్తుంది. ఆ రీడైరెక్ట్‌లు కనీసం ఒక ఏడాది ఉంచమని గూగులే చెబుతోంది, నేనైతే తీయనే తీయొద్దంటాను. దేనినైనా తుడిచేముందు గూగుల్ సైట్ యజమానులకి ఇచ్చే సెర్చ్ కన్సోల్ తెరవండి, అందులో 16 నెలల లెక్క కనిపిస్తుంది, ఏ పేజీకి ఎన్ని క్లిక్కులు వస్తున్నాయో చూడండి. డొమైన్ పేరు, అంటే సైట్ అసలు అడ్రసే, మార్చమనే మాట వింటే మాత్రం దయచేసి ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి. అచ్చువేసిన బిల్లులు, కార్డులు, క్యూఆర్ కోడ్‌లు, ఈమెయిల్, అన్నీ దాని మీదే ఉంటాయి.

మెసేజ్‌లో లేని గుర్తులు కొన్ని ఉన్నాయి. మీ పనివేళలు మారితే సైట్‌లో మీరే మార్చుకోలేక కట్టినవాళ్ల కోసం వారం ఎదురుచూస్తున్నారా? డొమైన్ లాగిన్ ఎవరి దగ్గరుందో తెలియదా? సైట్ ఇంకా పీహెచ్‌పీ (చాలా సైట్ల వెనక నడిచే ప్రోగ్రామింగ్ భాష) 7.4 మీద నడుస్తోందా, 2022 నవంబర్‌తో సెక్యూరిటీ సవరణలు ఆగిపోయినదాని మీద? మీరు మానేసిన సేవలు అందులో ఇంకా ఉన్నాయా, ఇప్పుడు చేస్తున్నవి లేవా? వీటిలో ఒక్కటి అవునన్నా కదలాల్సిందే, అప్పుడు కూడా ముందు బ్యాకప్, తర్వాతే పని.

ఒక విషయం ఒప్పుకోవాలి. చూడటానికి ఎలా ఉందన్నది పెద్ద విషయం కాదని నేను చాలా కాలం వాదించాను, అది తప్పు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2002లో 2,684 మందిని సైట్ల నమ్మకం గురించి అడిగితే, వచ్చిన వ్యాఖ్యల్లో 46.1 శాతం రూపం గురించే ఉన్నాయి. నా స్నేహితుడి కొత్త డిజైన్ కూడా నిజంగా బాగుంది, అక్షరాలు పెద్దవి, నంబర్ పైనే ఉంది, వాళ్ల అమ్మగారు కూడా కళ్లద్దాలు లేకుండా చదవగలిగారు. అందుకే దాన్ని తీయలేదు. పాత వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషిన్‌లో పాత పేజీ దొరికింది, ఫోటోతో సహా. కొత్త డిజైన్‌లోనే, ఒక్క అక్షరం మార్చకుండా, పాత అడ్రసులోనే పెట్టాం.

కాల్స్ నెమ్మదిగా మళ్లీ మొదలయ్యాయి, పూర్తిగా ఇంకా రాలేదు. మొన్న ఒకావిడ చేశారట, "మీరు చెప్పినట్టే సూదిని అద్దం మీద పెట్టి చూశానండీ, తిన్నగానే ఉంది, దారం మాత్రం తెగుతూనే ఉంది, మిషన్ తీసుకురమ్మంటారా?" అని.