మహారాజశ్రీ డోరు సందు గారికి

ఎడమ ముందు డోరుకీ వెనక డోరుకీ నడుమ వేంచేసి ఉన్న సందు గారికి, 1971 మోడల్ అంబాసిడర్ మార్క్ 2 యజమాని నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమంగా లేము. తమరు మాత్రం మొన్నమొన్నటిదాకా పైన 2 మిల్లీమీటర్లు, కింద 7 మిల్లీమీటర్లుగా కాళ్ళు చాపుకుని హాయిగా ఉన్నారని కొలిచి మరీ తెలుసుకున్నాను.

అయ్యా, ఈ కారుకి కొన్న ప్రతి వస్తువుకీ నా దగ్గర ఒక బిల్లుంది. హెడ్‌లైటు రింగులకి ఉంది, క్లచ్ ప్లేటుకి ఉంది, చివరికి డిక్కీ తాళానికి కూడా ఉంది. ఒక్క తమరికే లేదు. తమరు ఏ షాపులోనూ దొరకరు, తమరికి పార్టు నంబరు లేదు, తూకానికి రారు. రెండు రేకుల మధ్య ఖాళీ జాగా తమరు. బెజవాడలో ఖాళీ జాగాకి రేటెక్కువని తెలుసు గానీ, నాకు కావలసిన నాలుగు మిల్లీమీటర్ల జాగాకి ఇంత అవుతుందని ఎవరూ చెప్పలేదు.

నాన్నగారి కారుని షెడ్డులోంచి లాగించి ఆటోనగర్ చేర్చినప్పుడు నా టెన్షనంతా ఇంజిను గురించే. తీరా చూస్తే ఆ 1489 సీసీ ముసలి ఇంజిను పది రోజుల్లో దారికొచ్చింది. మనిషికి పొగరెక్కేది అక్కడే. "ఇంజినే అయిపోయింది, ఇక బాడీ ఎంతసేపు మేస్త్రీ" అన్నాను. టింకర్ మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టి నా వంక జాలిగా చూశాడు. ఆ చూపుకి అర్థం నాకు ఏడు నెలల తర్వాత తెలిసింది.

డోరు కిందికి వాలిందని మొదట నేనే పనిలోకి దిగాను. డోరుని దాని నిలువు స్తంభానికి, అంటే పిల్లరుకి, పట్టి ఉంచే బందుల (హింజిల) బోల్టులు వదులు చేసి, డోరు కింద జాకీ పెట్టి లేపి, మళ్ళీ బిగించాను. తమరు నిటారుగా నిలబడ్డారు. నాలుగుసార్లు తీసి వేసేసరికి మళ్ళీ వంకర. మర్నాడు ఇంకాస్త లేపాను. ఆ మర్నాడు ఇంకాస్త. ఐదో రోజు మేస్త్రి వచ్చి, తెరిచి ఉన్న డోరు చివర రెండు చేతులతో పట్టుకుని పైకెత్తాడు. డోరు లేచింది గానీ పిల్లరు దగ్గర బందు కదల్లేదు. లోపల పిన్నులు అరిగిపోయి ఊగుతున్నాయి. యాభై ఏళ్ళుగా దిగే ప్రతివాడూ ఆ డోరుకి వేలాడే లేచాడు మరి, మా మేనత్తతో సహా. అరిగిన పిన్ను మీద ఎంత సర్దినా పొద్దున్నే మళ్ళీ మొదటికొస్తుంది.

"ముందు బందుల సంగతి తేలాలి సార్" అన్నాడు మేస్త్రి. బెజవాడ వాణ్ణి, బందులు నాకు కొత్తేం కాదు. కాకపోతే మామూలు బందు సాయంత్రం ఆరింటికి ముగుస్తుంది. పిన్నులు లేతు మీద చేయించి, బుష్షులు మార్పించేసరికి ఈ బందు ఇరవై రోజులు నడిచింది.

ఇంకో అజ్ఞానం కూడా ఒప్పుకుంటున్నాను. ముందు కనిపించేది బానెట్టు గనక నేను బానెట్టు దగ్గర మొదలుపెట్టాను. మేస్త్రి అది మొత్తం విప్పించేశాడు. లెక్క వెనక నుంచి ముందుకి రావాలట. వెనక పిల్లరు బాడీతో కలిసిపోయి ఉంటుంది, తాతగారిలాగా. ఆయన కదలరు గనక వెనక డోరు ఆయన్ని చూసి సర్దుకోవాలి, వెనక డోరుని చూసి ముందు డోరు, దాన్ని చూసి మడ్‌గార్డు, అందరూ కుదురుకున్నాక బానెట్టు. బందుకీ పిల్లరుకీ మధ్య ఒక పలచని వాషరు పెడితే డోరు ఆ మేరకి జరుగుతుంది. కింది బందు దగ్గర పెట్టిన ఒక్క వాషరుకి డోరు అవతలి చివర పైకి లేస్తుంది. అటు తమరు సరవుతారు, ఇటు మడ్‌గార్డు వైపున్న తమరి తమ్ముడు పాడవుతాడు. మీ వంశంలో అందరూ ఒకేసారి సంతోషంగా ఉండటం నేనింతవరకూ చూడలేదు.

అసలు తమరు నన్ను నిలువునా ముంచింది జాకీల మీద. డోర్ల కింద పొడుగ్గా ఉండే సిల్లు తుప్పు పట్టి అప్పడంలా విరిగిపోతుంటే కోసి కొత్త రేకు వెయ్యాల్సి వచ్చింది. అంబాసిడర్‌కి లారీలాగా విడిగా ఛాసీ ఉండదు, బాడీయే దాని ఎముకల గూడు. అందుకని కొయ్యకముందే మేస్త్రి డోరు ఖాళీల్లో అడ్డంగా పైపులు వెల్డింగ్ చేశాడు, గూడు వంగకుండా. అంతవరకూ బాగానే ఉంది. కారు జాకీల మీద ఉండగానే, ఇంజిను ఇంకా బల్ల మీదే ఉండగానే, డోర్లు బిగించమని తొందరపెట్టింది నేను. 4 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు పైనుంచి కిందిదాకా ఎక్కడా తగలకుండా, ఎక్కడా వదులు లేకుండా దిగింది. పెళ్ళిచూపుల్లో కూర్చున్నంత బుద్ధిగా ఉన్నారు తమరు. పదకొండు ఫొటోలు తీసి చుట్టాల గ్రూపులో పెట్టాను. ఇంజిను లోపలికి దించి, కారుని చక్రాల మీద నిలబెట్టి డోరు తెరవబోతే, అది వెనక డోరు అంచుని గీరుకుంటూ వచ్చింది. ముందు బరువు పడగానే బాడీ కాస్త వంగింది, అంతే. ఆ ఫొటోల కింద "సూపర్ బావా" అన్న మెసేజీలు ఇప్పటికీ వస్తున్నాయి.

ఆ వారంలోనే ఒక పెద్దమనిషి నాకు దగ్గరి దారి చెప్పాడు. సందు ఎక్కువున్న చోట అంచుకి లప్పం పెట్టి గీసేస్తే సరిపోతుందట. ఆయన అమ్మకానికి పెట్టిన కారు చూపించాడు. అబ్బ, ఏం సందులు! స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. నా జేబులో తిరుపతి నుంచి తెచ్చిన ఫ్రిజ్ మ్యాగ్నెట్ ఉంది, ఇలాంటి అవసరాల కోసమే. డోరు అంచున పెడితే వెంకటేశ్వరస్వామి సైతం అంటుకోలేదు, జారి కింద పడ్డాడు. కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకుని వచ్చేశాను. అంత మందాన లప్పం పెట్టిన అంచు నాలుగుసార్లు డోరు గట్టిగా వేస్తే పెచ్చులుగా ఊడొస్తుంది.

1990ల్లో లెక్సస్ కార్ల వాళ్ళు ఒక ప్రకటనలో బాడీ సందుల వెంట స్టీలు గోళీ దొర్లించి చూపించారు. అది పడిపోకుండా దొర్లుకుంటూ పోయింది. అదే గోళీ తమరి మీద వదిలితే ఆటోనగర్ మురుగుకాలువలో వెతుక్కోవాలి.

ఇక ఆ ఫొటో విషయం. మొన్న అమ్మ పాత ట్రంకుపెట్టెలోంచి తీసింది. కారు వచ్చిన రోజు తీసినది. బానెట్టు మీద పసుపు, చక్రాల కింద నిమ్మకాయలు, పక్కన నాన్నగారు టక్ చేసుకుని నిలబడ్డారు. నేను నాన్నగారి మొహం చూడకుండా భూతద్దం పెట్టి తమర్ని చూశాను. పైన సన్నం, కింద వెడల్పు! బెంగాల్లోని ఉత్తరపర ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చారు తమరు. నేను తుప్పునీ, పిన్నునీ, మా మేనత్తనీ అనవసరంగా ఆడిపోసుకున్నాను.

ఫొటో తీసుకెళ్ళి చూపిస్తే మేస్త్రి నవ్వలేదు కూడా. "నేను చేసిన అంబాసిడర్లలో ఏ రెండింటికీ సందు ఒకేలా లేదు సార్. కంపెనీ పెట్టని సందు మీరు పెట్టమంటున్నారు, పెడతాను. మరి ఇది పాత కారుని బాగు చెయ్యడమా, కొత్తది పుట్టించడమా?" అని అడిగాడు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే ఇంగ్లండు కారు అచ్చుతో మొదలై 2014 దాకా దాదాపు అదే ఆకారంలో వచ్చిన బండికి ఇన్ని రకాల తమరు ఎలా పుట్టారో నాకైతే అంతుపట్టలేదు. నాన్నగారు మాత్రం తమర్ని ఒక్కసారి కూడా పట్టించుకోలేదు. వానాకాలం తమరి గుండా నీళ్ళొస్తే పేపరు మడిచి కుక్కేవారు. ఎవరెక్కినా ఒకటే మాట: "డోరు గట్టిగా వెయ్యి."

అయినా నాకు నాలుగే కావాలి. చెప్పలేదనకండి.

ఈసారి పద్ధతిగా చేశాం. ఇంజిను లోపల, బరువు చక్రాల మీద, కొత్త పిన్నులు, వెనక నుంచి ముందుకి. మేస్త్రి నాలుగున్నర వదిలాడు. రంగు పూతలు రెండంచుల మీదా పడ్డాక కొంత తినేస్తాయట. వచ్చే శుక్రవారం మంచిరోజని అమ్మ చెప్పింది, ప్రైమర్ ఆరోజే.

ఇట్లు,
తమరి కోసం వెల్డింగ్ షెడ్డులో సెలవులన్నీ ఖర్చు పెట్టిన
కారు యజమాని

తా.క. ఇప్పుడే డోరు రబ్బరు పార్సిల్ వచ్చింది. బిగించి చూశాం. పాతదాని కన్నా 2 మిల్లీమీటర్లు లావు. డోరు పడటం లేదు. మేస్త్రి టీకి వెళ్ళాడు.