గ్రాండ్ టెస్టులా, బిట్టు విప్పి చూడటమా?

ఇంటర్ పబ్లిక్ పరీక్షలు ముగిశాక, మే నెలలో జరిగే మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్ దాకా మిగిలే కొద్ది వారాలను ఎలా వాడుకోవాలన్నది హనుమకొండ, వరంగల్ కళాశాలల స్టాఫ్ రూముల్లో ఏటా తెగని తగాదా. ఈ వాదంలో ఒకరు రోజు విడిచి రోజు గ్రాండ్ టెస్టు, అంటే పూర్తి పేపరుతో నమూనా పరీక్ష, పెట్టాలంటారు. మరొకరు ఆ టెస్టులను తగ్గించి, ఒక నిశ్చితం (అసర్షన్), దాని కింద ఒక కారణం (రీజన్) ఇచ్చి, రెండూ నిజమా, రెండోది మొదటిదానికి వివరణేనా అని అడిగే అసర్షన్–రీజన్ ప్రశ్నలను ఒక్కొక్కటిగా బోర్డు మీద విప్పి చూపాలంటారు. రాసినవారు ఎటు మొగ్గారో దాచే ప్రయత్నమేమీ ఇందులో లేదు.

ఫిజిక్స్ సార్: మేడమ్, 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. కొన్ని ప్రశ్నలను వదిలేయవచ్చంటూ 2021లో వచ్చిన ఛాయిస్‌ను 2025లో తీసివేశారు, దానితోపాటు అదనంగా ఇచ్చిన 20 నిమిషాలూ పోయాయి. బయాలజీ 90 బిట్లను గంటలోపే ముగించగలిగిన పిల్లవాడికే నా 45 లెక్కలకు తీరిక దొరుకుతుంది. అలాంటిది మీరు ఒక్క బిట్టు మీద పావుగంట గడుపుతున్నారు. పరీక్ష హాలులో ఆ పావుగంట ఎవరిస్తారు?

జువాలజీ మేడమ్: హాలులో ఎవరూ ఇవ్వరు సార్, అందుకే ఇక్కడ ఇస్తున్నాను. నిన్న ఇచ్చిన బిట్టునే చూడండి. నిశ్చితం: సిరా-కర్ణికా కణుపును గుండెకు లయారంభకం (పేస్‌మేకర్) అంటారు. కారణం: ఆ కణుపు కుడి కర్ణికలో కుడివైపు పై మూలన ఉంటుంది. రెండు వాక్యాలూ పాఠ్యపుస్తకంలో ఉన్నవే, రెండూ నిజమే. వాటిని కంఠస్థం చేసిన పిల్లలు చాలామంది మరో ఆలోచన లేకుండా ‘రెండూ సరైనవి, కారణం సరైన వివరణ’ అన్న మొదటి ఎంపికకు బబుల్ నింపారు. వాళ్లకు జ్ఞాపకం లోపించలేదు, రెండు వాక్యాల మధ్య ‘ఎందుకంటే’ అని పెట్టి చదవలేదు. అలా చదివితే, కర్ణికా-జఠరికా కణుపు కూడా కుడి కర్ణికలోనే, ఎడమవైపు కింది మూలన ఉందిగదా, మరి దాన్ని లయారంభకం అని ఎందుకు అనడం లేదన్న ప్రశ్న పుడుతుంది. కాబట్టి ఉన్న చోటు వివరణ కాదు. నిమిషానికి 70 నుంచి 75 చర్యాశక్మాలనే విద్యుత్ ప్రేరణలను, అంటే తక్కిన భాగాలన్నిటికంటే ఎక్కువగా, పుట్టించగలగడమే అసలు కారణం. జవాబు రెండో ఎంపిక, ‘రెండూ సరైనవే, కానీ కారణం సరైన వివరణ కాదు’ అన్నది. పది టెస్టులు రాసినా ఈ తప్పు తనంతట తాను పోదు, పదిసార్లు అదే తప్పు చేయడం అలవాటవుతుంది.

ఫిజిక్స్ సార్: మీరు చెప్పినదాంట్లోనే నా మాట ఉంది. రెండో కణుపు ఎక్కడుందో గుర్తులేని పిల్లవాడికి మీ ‘ఎందుకంటే’ ఏం చేస్తుంది? మీరు తర్కం అంటున్నది చివరికి మరో పేరాను గుర్తుచేసుకోవడమే. పైగా బయాలజీ ప్రశ్నలలో ఎక్కువ భాగం ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలోని వాక్యాల మీద సూటిగా వచ్చేవే. కొద్దిపాటి అసర్షన్ ప్రశ్నల కోసం ఇన్ని పీరియడ్లు పోగొడితే ఆ సూటి ప్రశ్నల పునశ్చరణ ఎప్పుడు?

జువాలజీ మేడమ్: గుర్తులేనివాడికి ఏ పద్ధతీ దిక్కు కాదు, అది ఒప్పుకుంటాను. పునశ్చరణ సంగతిలోనూ మీరన్నది కొంత నిజమే. కానీ గుర్తున్నవాడు మార్కు పోగొట్టుకోవడమే నాకు బాధ. ఇక వేగం అంటారా, ఈ ప్రశ్నలలో పద్ధతే వేగాన్నిస్తుంది. కారణాన్ని చేత్తో మూసి నిశ్చితాన్ని మాత్రమే తేల్చుకొమ్మంటాను. ‘సిరలన్నీ ఆమ్లజని లేని రక్తాన్నే తీసుకువెళతాయి’ అని ఉందనుకోండి, ఊపిరితిత్తుల నుంచి ఆమ్లజని ఉన్న రక్తాన్ని తెచ్చే పుపుస సిరలు గుర్తుకు రాగానే అది తప్పని తేలిపోతుంది. మామూలుగా ఇచ్చే నాలుగు ఎంపికలలో నిశ్చితం తప్పని చెప్పేది ఒక్కటే కనుక కింది వాక్యం చదవకుండానే జవాబు దొరుకుతుంది. కొన్ని పేపర్లలో ‘రెండూ తప్పే’ అన్న ఎంపిక కూడా ఉంటుంది, అందుకని ముందుగా ఎంపికలను చదవడం నేర్పాలి. ‘అన్నీ’, ‘మాత్రమే’, ‘ఎల్లప్పుడూ’ లాంటి మాటల దగ్గర ఆగడం నేర్పాలి. గడియారం పెట్టి పరుగెత్తించే టెస్టులో ఇవేవీ నేర్పలేం.

ఫిజిక్స్ సార్: అయితే తేల్చుకోలేని బిట్టును వదిలెయ్యమని కూడా మీరే చెప్పారట. అదెక్కడి సలహా? సరైనదానికి 4, తప్పుకు మైనస్ 1. ఏమీ తెలియని నాలుగు బిట్లకు గుడ్డిగా నింపినా సగటున ఒకటి తగులుతుంది, నాలుగులో మూడు పోయి ఒక మార్కు మిగులుతుంది. వదిలేస్తే సున్నా.

జువాలజీ మేడమ్: సగటు అన్నది మీ లెక్క, పిల్లవాడికి ఆ రోజు పరీక్ష ఒక్కటే. నాలుగూ తప్పయితే నాలుగు మార్కులు పోతాయి. మార్కులు సమానమైనప్పుడు సబ్జెక్టు మార్కులు చూశాక, తప్పు జవాబుల నిష్పత్తి తక్కువగా ఉన్నవారినే ముందు నిలబెడతారు.

ఫిజిక్స్ సార్: అక్కడిదాకా వచ్చే టై ఎంతమందికి పడుతుంది మేడమ్? ఎంసెట్‌తో మెడికల్ సీట్లు నింపిన రోజుల్లో నెగెటివ్ లేదు కాబట్టి ఎవరూ ఒక్క బబుల్ ఖాళీగా ఉంచేవారు కాదు. నీట్ వచ్చాక ఈ భయం మనమే నూరిపోశాం.

జువాలజీ మేడమ్: సరే, మీ లెక్కనే ముందుకు తీసుకువెళదాం. ఒక ఎంపికను కొట్టివేయగలిగితే మూడు బిట్లకు సగటున రెండు మార్కులు, రెండింటిని కొట్టివేయగలిగితే రెండు బిట్లకు మూడు మార్కులు. గుడ్డిగా నింపడం కంటే అది ఎన్ని రెట్లో మీరే చెప్పండి. ఆ కొట్టివేత నేర్పడానికే నాకు పావుగంట కావాలి.

ఫిజిక్స్ సార్: లెక్క బాగానే తిప్పారు. కానీ పరకాల నుంచో మహబూబాబాద్ నుంచో వచ్చి, లాంగ్ టర్మ్ కోచింగ్‌కు మరో ఏడాది ఫీజు కట్టలేని తల్లిదండ్రులకు మన పద్ధతితో పని లేదు, సీటుతోనే పని. ములుగు, జనగామ, భూపాలపల్లిలో కూడా ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయన్న ఆశతో ఉన్నారు వాళ్లు. మూడు గంటలు కదలకుండా కూర్చుని చివరి లెక్క దాకా బుద్ధి నిలుపుకోవడం టెస్టులతోనే వస్తుంది. అది మీ బోర్డు నేర్పదు.

జువాలజీ మేడమ్: నేర్పదు. అందుకే ఆదివారం గ్రాండ్ టెస్టు అలాగే ఉండనివ్వండి, నడుమ వారంలో పెట్టేవి తగ్గించండి. మరుసటి ఉదయం కీ చదివి వినిపించే గంటలో పిల్లవాడు తాను తప్పు పెట్టిన బిట్టు కింద రెండు వాక్యాలు రాయాలి. తాను ఎంచుకున్నది ఎందుకు నిలవదో ఒకటి, సరైనది ఎందుకు నిలుస్తుందో ఒకటి.

ఫిజిక్స్ సార్: నా లెక్కలకు రెండు వాక్యాలు అక్కరలేదు. తప్పు సూత్రంలోనా, యూనిట్లలోనా, కూడికలోనా అని ఒక మాట చాలు. అది సరే, ఈ కాగితాలన్నీ దిద్దేదెవరు?

జువాలజీ మేడమ్: అన్నీ దిద్దను. ఒకే తప్పు ఎక్కువమంది చేసిన బిట్టును ఎంచుకొని, అది తప్పు పెట్టిన పిల్లవాడినే బోర్డు దగ్గరికి పిలుస్తాను.

ఫిజిక్స్ సార్: పావుగంటే, మేడమ్. ఆ తర్వాత పీరియడ్ నాది.