‘పన్నెండు లక్షల దాకా లెక్కే అక్కర్లేదు’ అన్న సందేశానికి ఖండన

ముహూర్తాలు మొదలైన దగ్గరనుంచి మా కోనసీమలో పెళ్ళిళ్ళకు ఫొటోలు, వీడియోలు తీసేవారి వాట్సాప్ గ్రూపుల్లోనూ, శుభలేఖలు, ఫ్లెక్సీలు రూపొందించేవారి గ్రూపుల్లోనూ ఒకే సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: పన్నెండు లక్షల దాకా పన్ను లేదు కాబట్టి ఆదాయపు పన్ను రిటర్ను వేయనక్కర్లేదు, టీడీఎస్ (సొమ్ము చెల్లించేవారే ముందుగా మినహాయించుకునే పన్ను) పట్టుకున్నారంటే మన పన్ను తీరిపోయినట్టే, నగదు తీసుకుంటే ఎవరికీ తెలియదు, యూపీఐ తీసుకుంటే నోటీసు వస్తుంది, బిల్లు ఇచ్చినవాడు జీఎస్టీ కట్టాలి, ఊళ్ళో పొలం ఉంటే మిగిలిన సంపాదనను వ్యవసాయం కింద చూపించుకోవచ్చు, ఒకసారి రిటర్ను వేస్తే జీవితాంతం వేస్తూనే ఉండాలి.

అమలాపురంలో కూర్చుని పుస్తకాలకు ముఖచిత్రాలు, సంస్థలకు ప్రచార చిత్రాలు గీసి బతుకుతున్న నేను ఈ మాటల్లో కొన్నిటిని నమ్మి నష్టపోయాను కాబట్టి, వీటికి ఒక్కొక్కటిగా సమాధానం చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఇక్కడ ఇచ్చే అంకెలన్నీ 2025–26 ఆర్థిక సంవత్సరానివి, అంటే 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం వర్తించే చివరి సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 నాటి కొత్త చట్టం వర్తిస్తుంది, సెక్షన్ల సంఖ్యలు మారతాయి.

పన్నెండు లక్షల మాట సగం నిజం, అందుకే అది ఎక్కువ ప్రమాదకరం. కొత్త విధానంలో మొదటి 4 లక్షల మీద పన్ను లేదు, 4 నుంచి 8 లక్షల వరకు 5 శాతం, 8 నుంచి 12 లక్షల వరకు 10 శాతం పడుతుంది. ఆ లెక్కన 12 లక్షల ఆదాయం మీద 60,000 రూపాయల పన్ను ఉంటుంది, దాన్ని రిబేటు రూపంలో మాఫీ చేస్తారు. మాఫీ అయ్యేది పన్ను మాత్రమే. రిటర్ను వేయవలసిన బాధ్యత ఆదాయం 4 లక్షలు దాటగానే మొదలవుతుంది. ఆదాయం అంతకన్నా తక్కువగా ఉన్నప్పుడు కూడా, వృత్తి మీద వచ్చిన మొత్తం రాబడి 10 లక్షలు దాటినా, ఏడాదిలో టీడీఎస్ 25,000 లేదా అంతకు మించి ఉన్నా రిటర్ను వేయవలసిందే. ఉద్యోగులు చెప్పుకునే 12 లక్షల 75 వేల పరిమితి మనది కాదు; ఆ 75,000 తగ్గింపు జీతం, పింఛను తీసుకునేవారికే.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ పరిమితి ఆదాయానికి సంబంధించినది, రాబడికి కాదు. రాబడిలోంచి వృత్తి ఖర్చులు తీసివేయగా మిగిలేదే ఆదాయం. కొన్ని వృత్తులవారికి 44ఏడీఏ సెక్షను కింద, మొత్తం రాబడి 50 లక్షలు దాటనప్పుడు, అందులో సగాన్ని ఆదాయంగా చూపే సౌకర్యం ఉంది; నగదు రాబడి 5 శాతానికి మించకపోతే ఆ హద్దు 75 లక్షలు. ఈ జాబితాలో ‘సినీ కళాకారులు’ ఉన్నారు. నటులే కాక, సినిమాకు పనిచేసే ఛాయాగ్రాహకులు, దర్శకులు, ఎడిటర్లు, గాయకులు, పాటల, కథల, సంభాషణల రచయితలు, కళా దర్శకులు, నృత్య దర్శకులు, దుస్తుల రూపకర్తలు కూడా ఆ మాట కిందికి వస్తారు. లంక గ్రామాల్లో షూటింగు జరిగినప్పుడు సినిమా కెమెరా పట్టిన కుర్రవాడు ఈ జాబితాలో ఉంటాడు. అదే కుర్రవాడు మరుసటి వారం పాలకొల్లులో పెళ్ళి కెమెరా పట్టినప్పుడు ఆ పని ఈ జాబితాలోకి రాదు. స్టూడియో పెట్టి ఆల్బములు చేసి ఇచ్చేవారు తమ పనిని వ్యాపారంగా 44ఏడీ కింద (రాబడిలో కొంత శాతాన్నే లాభంగా చూపే సెక్షను) చూపాలా, అసలు ఖర్చుల లెక్కే రాయాలా అన్నది ఆడిటరు గారితో కూర్చుని తేల్చుకోవలసిన విషయం. అసలు లెక్క రాసేవారు కెమెరా కొన్న సొమ్మంతా ఆ ఏడాదే ఖర్చు కింద చూపకూడదు: కెమెరా మీద ఏటా 15 శాతం, కంప్యూటరు మీద 40 శాతం తరుగుదల వస్తుంది, కొన్న ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే.

టీడీఎస్ సంగతి నా సొంత గాయం. సంస్థలు మనకు వృత్తి రుసుముగా ఏడాదికి 50,000 దాటి చెల్లించేటప్పుడు 10 శాతం పట్టుకుని మన పాన్ మీద ప్రభుత్వానికి జమ చేస్తాయి; పాన్ ఇవ్వకపోతే 20 శాతం పట్టుకుంటాయి. పని కాంట్రాక్టు కిందికి వస్తే వ్యక్తుల దగ్గర పట్టేది 1 శాతమే. వీటిలో ఏదీ మన తుది పన్ను కాదు, ముందుగా తీసి ఉంచిన సొమ్ము మాత్రమే. సినిమాలకు ఎడిటింగు చేసే ఒకరికి ఏడాదికి 9 లక్షల రాబడి వచ్చిందనుకుందాం. అంతా సంస్థల నుంచే వస్తే 90,000 టీడీఎస్ పోతుంది. 44ఏడీఏ కింద ఆయన ఆదాయం నాలుగున్నర లక్షలు, దాని మీద పడే 2,500 పన్ను కూడా రిబేటుతో పోతుంది. అంటే ఆ 90,000 రూపాయలూ ఆయనవే, కాని రిటర్ను వేసి అడిగితేనే తిరిగి వస్తాయి. నా మొదటి రెండేళ్ళలో హైదరాబాదులోని ఒక ప్రచార సంస్థ నా రుసుములోంచి అలా పట్టుకున్న 38,000 రూపాయలను నేను అడగనే లేదు, ‘పన్ను అయిపోయింది కదా’ అనుకున్నాను. సంగతి తెలిసేసరికి గడువులు దాటిపోయాయి. ఆలస్యంగా వేసే అప్‌డేటెడ్ రిటర్ను అనే వెసులుబాటు ఒకటి ఉంది కాని, దానితో రీఫండు అడగడానికి చట్టం ఒప్పుకోదు. ఆ రోజుల్లో నా ఇంటి అద్దె నెలకు నాలుగు వేలు. ఈ సందేశాన్ని ముందుకు పంపే మిత్రులు ఈ ఒక్క పేరా అయినా చదవాలని కోరుతున్నాను.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 1 శాతమే పట్టుకున్నవారికీ, పెళ్ళివారి దగ్గర టీడీఎస్ లేకుండానే పూర్తి సొమ్ము అందుకున్నవారికీ, ఆదాయం పన్నెండు లక్షలు దాటిన ఏడాది చివర్లో పెద్ద మొత్తం మీదపడుతుంది. టీడీఎస్ పోగా కట్టవలసిన పన్ను 10,000 లేదా అంతకు మించి ఉంటే దాన్ని ముందస్తు పన్నుగా జూన్ 15కు 15 శాతం, సెప్టెంబరు 15కు 45, డిసెంబరు 15కు 75, మార్చి 15కు నూరు శాతం అయ్యేలా కట్టాలి; 44ఏడీ, 44ఏడీఏ ఎంచుకున్నవారు మొత్తం ఒకేసారి మార్చి 15కు కడితే చాలు. ఆలస్యానికి నెలకు 1 శాతం వడ్డీ. వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాల సొమ్ము చేతిలో ఉండగానే జూన్ గడువు వస్తుంది, ఆ తర్వాత ఆషాఢమంతా కెమెరా సంచీ తెరవరు, మూఢం వస్తే నెలలకు నెలలు పని ఉండదు. మన డెల్టా రైతు సార్వా ధాన్యం అమ్మిన రోజునే దాళ్వా పెట్టుబడి పక్కన పెడతాడు. అడ్వాన్సు పడిన రోజునే పదో వంతు వేరే ఖాతాలోకి మార్చడం నేను ఆ ఇళ్ళలోనే నేర్చుకున్నాను. అడ్వాన్సుల విషయంలో ఇంకో చిక్కు ఉంది: ఫిబ్రవరిలో అందిన అడ్వాన్సుకు మేలో పెళ్ళి జరిగితే, మధ్యలో మార్చి 31 దాటుతుంది. సొమ్ము అందిన రోజునే రాబడిగా రాసే పద్ధతి పాటిస్తే అది పాత ఏడాదిది, పని చేసిన రోజున రాసే పద్ధతి పాటిస్తే కొత్త ఏడాదిది. రెండూ సమ్మతమే, కాని ఏ ఏడాది ఏది లాభమైతే దానికి మారడం సమ్మతం కాదు.

నగదు గురించిన సలహా ఈ సందేశంలోకెల్లా చెడ్డది. నగదుగా వచ్చిన ఆదాయమూ ఆదాయమే అన్నది సరే, అంతకు మించిన శిక్ష ఒకటి 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఒక వ్యక్తి నుంచి ఒక రోజులో గాని, ఒకే లావాదేవీకి గాని, ఒకే సందర్భానికి గాని 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోకూడదని 269ఎస్‌టీ సెక్షను చెబుతుంది. ‘ఒకే సందర్భం’ అన్న మాటను పెళ్ళి ఫొటోగ్రాఫర్లు రెండుసార్లు చదవాలి. ఆల్బము, వీడియో, డ్రోను కలిపి 2,40,000కు మాట్లాడుకుని, తాంబూలాలనాడు 50,000, పెళ్ళిరోజు లక్ష, ఆల్బము ఇచ్చినప్పుడు 90,000 చొప్పున వధువు తండ్రి దగ్గర నగదు తీసుకుంటే, ఏ ఒక్క రోజూ రెండు లక్షలు దాటకపోయినా సందర్భం ఒక్కటే కాబట్టి నిషేధం వర్తిస్తుంది. జరిమానా తీసుకున్న మొత్తానికి సమానం, అంటే 2,40,000. అది పడేది ఇచ్చినవారి మీద కాదు, తీసుకున్నవారి మీద. కష్టపడి రాత్రంతా నిలబడి తీసిన పెళ్ళికి రూపాయి మిగలకుండా పోయే సలహా ఇది.

యూపీఐ భయానికి కారణం ఉంది. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్ళను చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది, అక్కడి దుకాణాల్లో ‘నగదు మాత్రమే’ అన్న బోర్డులు వెలిశాయి. అయితే ఆ నోటీసులు జీఎస్టీ నమోదు హద్దు దాటిన అమ్మకాల గురించి వచ్చినవి, యూపీఐ మీద వేరే పన్నేమీ లేదు. పైగా 44ఏడీ కింద నగదు రాబడి మీద 8 శాతాన్ని లాభంగా చూపాలి, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం చూపితే చాలు.

జీఎస్టీ సంగతి క్లుప్తంగానే చెప్పవచ్చు. సేవలు అందించేవారికి ఆంధ్రప్రదేశ్‌లో నమోదు హద్దు ఏడాదికి 20 లక్షల రాబడి. ఇక్కడ లెక్కకు వచ్చేది ఆదాయం కాదు, మొత్తం రాబడి. ఆ లోపు ఉన్నవారు జీఎస్టీ లేని మామూలు బిల్లు ఇవ్వవచ్చు, హైదరాబాదు సంస్థకు ఇచ్చినా అంతే. నమోదు లేకుండా బిల్లులో జీఎస్టీ వేసి వసూలు చేయడమే తప్పు. జానపద, శాస్త్రీయ సంగీత నృత్య నాటక ప్రదర్శనలకు పారితోషికం లక్షన్నర దాటనంతవరకు ఆ సేవ మీద జీఎస్టీ మినహాయింపు కూడా ఉంది. హరికథ చెప్పేవారిని ఈ పేరుతో భయపెట్టడం అన్యాయం.

వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదన్నది నిజం. ముఖచిత్రానికి వచ్చిన రుసుము కొబ్బరితోటలో కాసిందని చెప్పడం అబద్ధపు వాంగ్మూలం, ఆ రుసుము మీద పట్టిన టీడీఎస్ మన పాన్ మీద ఆదాయపు పన్ను శాఖ వార్షిక సమాచార పత్రంలో అప్పటికే కనబడుతూ ఉంటుంది. నిజంగా తోట ఉన్నవారు తెలుసుకోవలసింది ఇంకొకటి: వృత్తి ఆదాయం 4 లక్షలు, వ్యవసాయ ఆదాయం 5,000 దాటితే, రెండోదాన్ని రేటు నిర్ణయించడానికి కలుపుతారు. వృత్తి ఆదాయం 13 లక్షలున్నవారికి సెస్సు కాక 75,000 పన్ను పడుతుంది. ఆయనకే 2 లక్షల వ్యవసాయ ఆదాయం ఉంటే అది 95,000 అవుతుంది. అంటే వ్యవసాయ ఆదాయాన్ని పెంచి చూపడం ఊరికే పోదు, మిగిలిన ఆదాయం మీద పన్నును పెంచుతుంది.

ఇక జీవితాంతం వేయాలన్న మాట. ఒక ఏడాది రిటర్ను వేసినంతమాత్రాన తర్వాతి ఏడాదికి బాధ్యత పుట్టదు. ఏ ఏటి బాధ్యతను ఆ ఏటి ఆదాయమే నిర్ణయిస్తుంది. ఈ పుకారు బహుశా 44ఏడీలోని ఒక నియమం నుంచి పుట్టి ఉంటుంది: ఆ పద్ధతి ఎంచుకుని ఐదేళ్ళలోపు వదిలేస్తే, మళ్ళీ ఐదేళ్ళ వరకు దాన్ని వాడుకోవడానికి ఉండదు. 44ఏడీఏకు ఆ కట్టుబాటు కూడా లేదు.

రిటర్ను వేయనివారి దగ్గర తమ సంపాదనకు రుజువు ఉండదు. కొత్త కెమెరాకు అప్పు అడిగినా, ఇల్లు కట్టుకోవడానికి అడిగినా బ్యాంకులు సాధారణంగా గత రెండు మూడేళ్ళ రిటర్నులు చూపమంటాయి. దీనికన్నా బాధాకరమైన సంగతి కూడా చెప్పక తప్పదు. మనవాళ్ళు తెల్లవారుజాము ముహూర్తం ముగించుకుని, నిద్రలేని కళ్ళతో, కాలువగట్టు రోడ్ల మీద మోటారు సైకిళ్ళపై ఇళ్ళకు వస్తారు. ప్రమాదంలో మనిషి పోతే అతని కుటుంబానికి పరిహారం నిర్ణయించే ట్రిబ్యునలు ముందుగా అడిగేది అతని ఆదాయం ఎంత అని, అక్కడ రిటర్నుకు ఉన్న విలువ నోటిమాటకు ఉండదు. ఏడాదికి ఆరు లక్షలు సంపాదించి ఒక్క రిటర్నూ వేయని కళాకారుడి భార్య, ఆయన అంత సంపాదించేవాడని నిరూపించడానికి పెళ్ళివారి ఇళ్ళ చుట్టూ తిరగవలసి వస్తుంది.