సవరణ: పికప్ తగ్గిన ప్రతి డీజిల్ కారుకూ టర్బో పోయినట్టు కాదు

"నల్లపొగ వస్తూ పికప్ పడిపోతే టర్బో పోయినట్టే, మార్చేయండి" అని మొన్న రాశాను (టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం). అది తప్పు. నల్లపొగకు అర్థం, పడుతున్న డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని మాత్రమే. సర్వీస్ మాన్యువల్స్ ప్రకారం ముందు చూడాల్సినవి ఎయిర్ ఫిల్టర్, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) పైపులు, వాటి క్లిప్పులు, తెరుచుకునే ఉండిపోయిన ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది). పైపు చీలిన చోట తరచుగా ఆయిల్ తడి కనిపిస్తుంది. వాక్యూమ్‌తో పనిచేసే వీజీటీ టర్బో (లోపలి రెక్కల కోణం మారే రకం) అయితే ఆ వాక్యూమ్ అందించే సన్న గొట్టం కూడా చూడాలి. అది పగిలితే బూస్ట్, అంటే టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి, సరిగా తయారవదు. పొగ లేకుండానే బండి లాగకపోతే డీజిల్ ఫిల్టర్‌ను అనుమానించండి. ఇవన్నీ బాగుండి, టర్బో షాఫ్ట్ (మధ్య ఇరుసు) ఊగి దాని ఫ్యాన్ చక్రం టర్బో లోపలి గోడకు రాసుకుంటుంటే అప్పుడు టర్బో మార్చండి.