ఎవెన్కీ జిల్లా వారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ ఎవెన్కీ జిల్లా వారి దివ్యసముఖమునకు, అట్లాసు ముందు కూర్చున్న ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి. అయితే మా కుశలం మాకు తెలుస్తూనే ఉంది గాని, తమ కుశలం తమ జిల్లా కేంద్రమైన తురా నుంచి విమానం ఎగిరితే గాని తెలియదు, ఆకాశం ఒప్పుకుంటే గాని ఆ విమానం ఎగరదు. అందువల్ల ఆ మాటను ఆచారం కోసమే రాశానని గ్రహించగలరు.

రష్యా కాగితాల మీద తమరు ‘రయోన్’. ఆ మాటను మేము జిల్లా అని చెప్పుకుంటాం. జిల్లా అంటే మా మనసులో మెదిలే చిత్రం చాలా చిన్నది: పొద్దున్నే బస్సెక్కి కలెక్టరు కార్యాలయానికి వెళ్ళి, అర్జీ ఇచ్చి, ఎదురుగా ఉన్న హోటల్లో భోంచేసి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరడం. తమ విస్తీర్ణం 7.63 లక్షల చదరపు కిలోమీటర్లని చదివినప్పుడు ఆ బస్సు నా ఊహలోనే ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌నూ తెలంగాణనూ కలిపి తమలో పరిస్తే ఇంకా అంతకు ఒకటిన్నర రెట్లకు పైగా చోటు మిగులుతుంది. ఇంత నేల మీద 2010 జనగణన లెక్కించింది 16,253 మందిని. అంటే తలకు 47 చదరపు కిలోమీటర్లు. మా దగ్గర సెంటు భూమికి సరిహద్దు తగాదాలతో తరతరాలు కోర్టుల చుట్టూ తిరిగేవాళ్ళకు ఈ అంకె చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

తమ ఉద్యోగపర్వం కూడా వింతగానే ఉంది. 1930 డిసెంబరులో సైబీరియా ఆదివాసులైన ఎవెన్కీ ప్రజల పేరిట జాతీయ మండలంగా (రష్యాలో ‘ఓక్రుగ్’, మా మండలంలా కాక జిల్లా కన్నా పెద్దది) పుట్టి, తర్వాత స్వయంప్రతిపత్తి మండలమై, 1993 రాజ్యాంగం నాటికి రష్యా సమాఖ్యలో సాక్షాత్తూ ఒక సభ్యులుగా వెలిగారు. అప్పట్లో తమ కింద ఇలింపీ, బైకిత్, తుంగూస్కా–చూనా అని మూడు జిల్లాలుండేవి. 2005 ఏప్రిల్ 17న ప్రజాభిప్రాయం అడిగారు, జనం సరేనన్నారు, 2007 జనవరి 1న తమరు క్రాస్నోయార్స్క్ ప్రాంతంలో కలిసి ఒక జిల్లా అయిపోయారు. ముగ్గురు కొడుకుల తండ్రి ఆ ముగ్గురినీ తనలో కలుపుకొని, తానే మరొకరింటికి దత్తత వెళ్ళడం మా పురాణాల్లో సైతం నాకు కనిపించలేదు. పేరులో ఉన్న ఎవెన్కీలు 2002 లెక్కల్లోనే జనాభాలో సుమారు ఐదో వంతు. కనుక ఆ పేరు ఇంటి యజమానిని సూచిస్తుందో, గోడ మీది పటాన్ని సూచిస్తుందో తమరే సెలవివ్వాలి.

ఇక అసలు విన్నపానికి వస్తాను. 2003 నాటి రష్యా స్థానిక స్వపరిపాలన చట్టాన్ని రాసినవారెవరో గాని దయగల మారాజులు. పల్లెల సమూహానికి హద్దులు గీసేటప్పుడు, అక్కడివారు తమ పాలనా కేంద్రానికి నడిచి వెళ్ళి ఒక్క పనిదినంలో తిరిగి రాగలగాలనీ, జిల్లాకు గీసేటప్పుడు ఏదైనా వాహనం మీద అలా వెళ్ళి రాగలగాలనీ అందులో రాశారు. చదవగానే కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే, జనం పలచగా ఉన్న చోట్లా, దూరాన ఉండి చేరడం కష్టమైన చోట్లా ఈ నియమం వర్తించనక్కర్లేదన్న వెసులుబాటు కనిపించేసరికి అవి ఆరిపోయాయి. కార్యాలయం దగ్గరగా ఉండాలన్న నియమం అది దూరమైన చోట చెల్లదట! గొడుగు ఇస్తాం గాని వానలో విప్పకూడదన్నట్టుంది.

తమ వనవారా గ్రామస్థుడొకడు కాగితం పని మీద తురాకు బయలుదేరాడనుకుందాం. పక్షిలా ఎగిరినా దాదాపు 450 కిలోమీటర్లు. ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేదు. చలికాలంలో గడ్డకట్టిన నేల మీద, నదుల మీద పడే మంచుబాటను అక్కడివారు ‘జిమ్నిక్’ అంటారు, ఎండ తగిలితే అది నీళ్ళలో కలుస్తుంది. వసంతం చివర మంచు కరిగి దిగువ తుంగూస్కా నది పొంగినప్పుడు, యెనిసెయ్ నది నుంచి ఓడలు ఇంధనమూ సరుకులూ వేసుకొని తురా దాకా పరుగున వచ్చి, నీరు తీయకముందే పరుగున వెళ్ళిపోతాయి. మిగతా కాలమంతా విమానం, లేదా హెలికాప్టరు. ఇటువంటి చోట పనిదినాన్ని గడియారంతో గాక పంచాంగంతో కొలవాలని చట్టంలో ఒక్క ముక్క చేరిస్తే ఎంత నిజాయితీగా ఉండేది!

దారి వేయడం అసాధ్యమని మాత్రం తమరు చెప్పలేరు. తమ కుయూంబా నుంచి దక్షిణాన ఉన్న తైషెత్ పట్టణం దాకా సుమారు 700 కిలోమీటర్ల గొట్టపుదారి 2017 నుంచి పనిచేస్తోంది. దానిలో ముడిచమురు పయనిస్తుంది. చమురు అర్జీలు పెట్టదు, జనన ధ్రువపత్రం అడగదు, సాయంత్రానికి తిరిగి రావలసిన అవసరమూ దానికి లేదు.

ఆలస్యం తమ నేలకు కొత్త కాదని ఒప్పుకుంటాను. 1908 జూన్ 30న వనవారాకు వాయవ్యంగా ఆకాశంలో ఉల్కలాంటిదేదో పేలి, రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి నేలకొరిగింది. లియోనిద్ కూలిక్ అనే శాస్త్రవేత్త ఆ చోటికి చేరింది 1927లో. అంతటి విలయానికే విచారణాధికారి పంతొమ్మిదేళ్ళకు వచ్చాడంటే, పైకప్పు కారుతోందని అర్జీ పెట్టిన ముసలమ్మ తొందరపడటం భావ్యం కాదు. పైగా ఆ రోజు కూలిన అడవి నేటి తమ విస్తీర్ణంలో మూడు వందల యాభయ్యో వంతు మాత్రమే. తమరు గమనించకపోయినా తప్పుపట్టలేను.

అన్నిటికీ మించి, వీవి సరస్సు ఒడ్డున 1992లో ఒక స్తంభం నిలబెట్టి, రష్యా దేశానికి భౌగోళిక కేంద్రం ఇదేనని ప్రకటించారు. దేశానికి నడిబొడ్డు తమ ఇంట్లోనే ఉందన్నమాట. ఆ నడిబొడ్డును చూడాలన్నా హెలికాప్టరే దిక్కు.

ఈ లేఖను తురా చిరునామాకే పంపుతున్నాను. నది పొంగు దాటిపోతే జిమ్నిక్ పడేదాకా ఆగగలను. ప్రత్యుత్తరం పనిదినం ముగిసేలోగా రానవసరం లేదు.

చిత్తగించవలెను.